రాగి నాణేలకు రింగు క్యాప్సూల్ వద్దండీ

నాణేలు దాచడానికి మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్ నుంచి గట్టి క్యాప్సూళ్ళకి, అంటే ఒక్కో నాణెం పెట్టే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలకి, మారి కొన్నేళ్ళయింది. ఆ మార్పు మీద నాకేం ఫిర్యాదు లేదు. పీవీసీ నాణేన్ని ఎలా పాడుచేస్తుందో ఈ సరదా ఉన్నవాళ్ళందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోను. నా గొడవంతా కొన్ని క్యాప్సూళ్ళ లోపల, నాణెం కదలకుండా చుట్టూ పట్టుకునే నల్ల ఫోం రింగుతోనే.

డబ్బీలన్నీ 46 మిల్లీమీటర్లవే, రింగుల లోపలి వెడల్పు మాత్రం 16, 20, 25, 27, 30, 38 అని రకరకాలు వస్తాయి చూడండి, ఆ సెట్టు. చూడ్డానికి మహా ముచ్చటగా ఉంటుంది. చిన్న అణా బిళ్ళయినా పెద్ద రూపాయయినా ఒకే సైజు డబ్బీలో కూర్చుంటుంది, పెట్టెలో వరుసగా అమరిపోతుంది, పిల్లలు చేతిలోకి తీసుకున్నా భయం లేదు. విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి రూపాయలు 30.5కి కాస్త అటూ ఇటూగా ఉంటాయి, అవి 30 రింగులో బిగుతుగా పడతాయి. 1911 నాటి జార్జి రూపాయి కూడా అలాగే పెట్టాను. రాజుగారి మెడ గొలుసులోని ఏనుగు పందిలా ఉందని అప్పట్లో జనం గొడవ చేశారే, అదే. దాని మజా అంతా ఆ బుల్లి ఏనుగులోనే ఉంది. డబ్బీలో గలగలా ఆడుతుంటే ముందు అరిగేది అదే. రింగు దాన్ని కదలనివ్వలేదు, ఒప్పుకోవాలి.

అసలు సంగతి రాగి దగ్గర వచ్చింది. ఉత్తర సర్కారుల కోసమని ఈస్టిండియా కంపెనీ 1794లో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో మింట్ అనే టంకశాలలో కొట్టించిన నాణెం నా దగ్గర ఒకటుంది. రూపాయిలో 48వ వంతు, ఆ లెక్క ఇంగ్లీషులో నాణెం మీదే రాసి ఉంటుంది. మన గోదావరి ప్రాంతం అప్పట్లో ఆ సర్కారుల్లోదే కాబట్టి, వెండి రూపాయల కంటే ఇదంటేనే నాకు మమకారం ఎక్కువ. దాన్ని కూడా 30 రింగులోనే పెట్టి, పెట్టెలో చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచులు వేసి, బీరువాలో పెట్టాను. మాది రాజోలు వైపు, సముద్రం ఎంతో దూరం లేదు. ఆషాఢంలో మొదలైన చెమ్మ కార్తీకం దాటినా గోడల్ని వదలదు. వానలు వెళ్ళాక పెట్టె తీసి చూస్తే పైకి అంతా బాగానే కనిపించింది. బొమ్మ శుభ్రంగా ఉంది, అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. అనుమానం ఎందుకొచ్చిందంటే, అంచుకీ ఫోంకీ మధ్య సన్నటి పచ్చ గీత తొంగి చూస్తోంది. మూత తీసి నాణెం ఎత్తబోతే రింగు దాంతోపాటే లేచి వచ్చింది. విడదీస్తే ఫోం జిగురుగా ఉంది, నల్ల పొడి అంచుకి అంటుకుపోయింది. దాని కింద, రింగు తాకిన మేర ఎక్కడా వదలకుండా, చిలుము.

అదే పెట్టెలో, అదే సిలికా జెల్ పక్కన, రింగు లేకుండా సరిగ్గా సైజుకి చేసిన క్యాప్సూల్‌లో 1808 నాటి మద్రాసు పది కాసుల రాగి నాణెం ఉంది. దానికి మచ్చ లేదు. కాబట్టి వాతావరణం మీద నెపం పెట్టడానికి కుదరదు. అమ్మినవాళ్ళు మాత్రం మెయిల్‌కి జవాబుగా ఆ మాటే రాశారు. నాకు అర్థమైనంతవరకు, ఈ డబ్బీలేవీ గాలి చొరబడనివి కావు. లోపలికి చేరిన ఉప్పు చెమ్మ మామూలు డబ్బీలో మళ్ళీ బయటికి పోతుంది. ఫోం ఉంటే దాన్ని పట్టి ఉంచి రాగికి ఒత్తి పెడుతుంది. రాగికి ఉప్పూ తడీ తగిలితే ఇంకేం కావాలి?

మా ఆవిడ చూసి, "కాస్త చింతపండు పెట్టి రుద్దేస్తే పోతుంది కదండీ" అంది. రాగి చెంబుకైతే ఆ మాట నిజమే. నాణేన్ని అలా తోమితే రెండు వందల ఏళ్ళ ముదురు రంగు కాస్తా పోయి కొత్త పైసాలా మెరుస్తుంది, ఆ తర్వాత దానికి విలువుండదు. అసిటోన్ అనే ద్రావకంలో ముంచితే జిగురు వదిలింది. చిలుముని భూతద్దం కింద వెదురు పుల్లతో ఓపిగ్గా గీకాల్సి వచ్చింది. అంచున చిన్న చిన్న గుంటలు మిగిలాయి, అవిక పోవు. అన్నట్టు, అసిటోన్ చేతితో అక్రిలిక్ డబ్బీని ముట్టుకోకండి, మసకబారిపోతుంది.

ఇప్పుడు రాగి అంతా సైజు క్యాప్సూళ్ళలోకి మార్చేశాను. వీటిని కొనాలంటే మిల్లీమీటరులో భాగాల్ని కూడా కొలిచే వెర్నియర్ ఉండాల్సిందే, స్కేలుతో కొలిస్తే అర మిల్లీమీటరు దగ్గర దెబ్బతింటాం. అడ్డంగా, నిలువుగా రెండుసార్లు కొలవండి, చేత్తో కొట్టిన పాత కాసులు ఒక్కలా గుండ్రంగా ఉండవు. 1950 నాటి నికెల్ రూపాయి, 1964 నెహ్రూ రూపాయి రెండూ 28 డబ్బీలో అచ్చుగా కూర్చుంటాయి. రింగు సెట్టులో ఆ కొలతే లేదు, 27లో పట్టదు, 30లో వదులు.

ఇవీ గొప్పవేం కాదు. పాత మందపాటి ఐదు రూపాయల బిళ్ళ వెడల్పు 23 అని 23 డబ్బీ తెప్పిస్తే మూతలు రెండూ కలవలేదు, లోతు సరిపోదు. అంచులు వంకీలు తిరిగిన పది పైసలకి వంకీ కొస నుంచి కొస వరకు కొలవాలి. కొన్ని డబ్బీలు ఎంత బిగుతంటే, గోరు విరగాలి తప్ప తెరుచుకోవు. బాగా చెమ్మగా ఉన్న రోజు మూసిన వాటిలో లోపల మసక పట్టింది, అందుకే నేనైతే ఎండ కాసిన వేసవి మధ్యాహ్నాల్లోనే ఈ పని పెట్టుకుంటాను. ఖర్చు కూడా కలిసి రాదు, సైజుకో ప్యాకెట్టు కొనాలి, అందులో సగం ఖాళీగా పడి ఉంటాయి.

నాది చిన్న కలెక్షన్, అందులో రాగి ఎక్కువ, ఇల్లేమో సముద్రపు గాలిలో ఉంది. హైదరాబాద్‌లో పొడి గదిలో వెండి దాచుకునేవాళ్ళకి రింగులే సుఖం అనిపిస్తే కాదనలేను. నా వెండి రూపాయలు కొన్ని ఇంకా వాటిలోనే ఉన్నాయి, వానాకాలం రాగానే తీసి చూసుకుంటూ ఉంటాను. మిగిలిన రింగు డబ్బీలు ఇచ్చేస్తారా అని ఒకరిద్దరు అడిగారు. 1992 తర్వాతి స్టీలు రూపాయలకైతే తీసుకెళ్ళమన్నాను, రాగికి మాత్రం ఇవ్వనన్నాను.