అహోబిలం యాత్ర: జ్వాలా నరసింహుడి దారిలో మాకు అందిన సాయం

అహోబిలానికి పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు కనీసం రెండు రోజులు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. తొమ్మిది నరసింహ క్షేత్రాలూ ఒక్కరోజులో చూపిస్తామని చెప్పేవాళ్ళు ఉంటారు కానీ అందులో పరుగే తప్ప దర్శనం ఉండదు. మేము హైదరాబాద్ నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా కారులో వెళ్ళాం, అమ్మ, నాన్న, తమ్ముడు, నేను. రైల్లో వచ్చేవాళ్ళు నంద్యాలలో దిగి బస్సులో ఆళ్ళగడ్డ చేరుకుంటే అక్కడి నుంచి ఇంకో 25 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

బస దిగువ అహోబిలంలోనే పెట్టుకోండి. అహోబిల మఠం వాళ్ళ అతిథి గృహం ఉంది, టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది, సత్రాలు కూడా చాలానే ఉన్నాయి. మాకు మాత్రం ఒక ప్రైవేటు గెస్ట్‌హౌస్‌లో దొరికింది. గది శుభ్రంగానే ఉంది, కానీ వేడినీళ్ళు బకెట్ లెక్కన అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది, రాత్రి కరెంటు పోతే జనరేటర్ కూడా లేదు. ఆ గదికి మేం ఇచ్చిన డబ్బు ఎక్కువే. భోజనం సంగతి మాత్రం నిశ్చింత. సత్రంలో అన్నదానం పంక్తిలో కూర్చుంటే అన్నం, పప్పు, రసం, మజ్జిగ వేడివేడిగా, అడిగి అడిగి వడ్డించారు, హోటల్ భోజనం కన్నా నాకు అదే నచ్చింది.

దిగువ గుడిలో ప్రహ్లాదవరద స్వామి. విజయనగర కాలం నాటి మండపాలు, శ్రీకృష్ణదేవరాయలు వేయించిన జయస్తంభం నింపాదిగా చూడొచ్చు. అక్కడి నుంచి 8 కిలోమీటర్ల దూరంలో ఎగువ అహోబిలం, కొండ గుహలో ఉగ్రమూర్తిగా స్వామి. అసలు నడక మొదలయ్యేది అక్కడే. భవనాశి వాగు వెంట రాళ్ళ మీద, చెట్ల నీడలో క్రోడ నరసింహుడి దాకా వెళ్ళి, ఇంకా పైకి ఎక్కితే జ్వాలా నరసింహుడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చింది అక్కడేనని స్థలపురాణం.

అమ్మకు మోకాళ్ళ నొప్పి, అందుకని ఎగువ గుడి దగ్గరే కూర్చుంది. నాన్నకు షుగర్ ఉంది కానీ రోజూ నడిచే మనిషి, డోలీ వద్దన్నారు. బిస్కెట్లు, గ్లూకోజ్ పొడి ఒక సంచిలో పెట్టుకుని బయల్దేరాం. క్రోడ నరసింహుడి దర్శనం అయ్యి కొంచెం దూరం వెళ్ళామో లేదో, ఒక కోతి తమ్ముడి చేతిలో సంచి లాక్కుని చెట్టెక్కేసింది. అక్కడ కోతులు మామూలే, సంచులు వీపుకు తగిలించుకున్నా వదలవు. ఇంకో అరగంట నడిచాక నాన్న ఒక రాయి మీద కూర్చుండిపోయారు. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి, పిలిస్తే పలుకుతున్నారు కానీ మాట తేడాగా వస్తోంది. షుగర్ పడిపోయిందని అర్థమవుతోంది, ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు. తమ్ముడు కిందికి పరుగెత్తాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని "నరసింహా, నువ్వే దిక్కు" అని గట్టిగానే అనేశాను, అంతకుమించి నాకు ఏ స్తోత్రమూ గుర్తు రాలేదు.

అప్పుడే కింద నుంచి ఒక పెద్దావిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కుతూ వచ్చారు. ప్రొద్దుటూరు వాళ్ళట. నా మొహం చూసి ఏమైందని అడిగింది, చెప్పీ చెప్పకముందే కొంగు ముడి విప్పింది. అందులో పటికబెల్లం, జ్వాలా నరసింహుడికి నైవేద్యం పెట్టాలని ఇంటి నుంచి తెచ్చుకున్నది. స్వామికి పెట్టేది కదమ్మా అని నేను తటపటాయిస్తుంటే, "ముందు మీ నాయన నోట్లో పెట్టు మ్మా, స్వామికి నేను చెప్పుకుంటాలే" అంది. రాయితో కొట్టి పొడి చేసి కొంచెం కొంచెంగా పెట్టాం, వాళ్ళ సీసాలో నీళ్ళు తాగించాం. పావుగంటకు నాన్న కళ్ళు తేరుకున్నాయి, మాట సరిగ్గా వచ్చింది. ఆ అడవిలో, ఆ నిమిషంలో, చక్కెర తప్ప ఇంకేదీ పనికిరాని వేళ, చక్కెరే వచ్చింది. నేను పిలిచాను, ఆయన పలికాడు. నాకు ఇందులో అనుమానం లేదు.

తమ్ముడు వచ్చేసరికి వెంట డోలీ వాళ్ళు కూడా ఉన్నారు, ఎవరినో దించి ఖాళీగా ఉంటే దారిలో దొరికారట. బేరం ఆడలేదు, మామూలు రేటే తీసుకున్నారు, ఆ రాళ్ళ మీద నాన్నను కుదుపు లేకుండా దించారు. వాళ్ళలో ఒకతను చెంచు. నేను ఇంకా ఏడుస్తుంటే "మా అల్లుడు చూసుకుంటాడులే మ్మా" అన్నాడు. చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి వాళ్ళకు స్వామి అల్లుడే. కనుమ నుంచి పార్వేట పేరుతో నెల పైగా ఊరూరా తిరిగి తన పెళ్ళికి పిలిచే స్వామి ఆయన.

ఆ సాయంత్రం ఆళ్ళగడ్డలో డాక్టరుకు చూపించాం, భయం లేదన్నారు. మర్నాడు తమ్ముడు ఒక్కడే మళ్ళీ పైకి ఎక్కి, పటికబెల్లం కొని ఆ పెద్దావిడ పేరు తెలియదు కాబట్టి "ప్రొద్దుటూరు అమ్మ తరఫున" అని చెప్పి నైవేద్యం పెట్టించాడు.

పెద్దవాళ్ళకు జ్వాలా దారిలో డోలీ తప్పనిసరిగా మాట్లాడుకోండి, రేటు ఎక్కే ముందే తేల్చుకోండి. పొద్దున్నే బయల్దేరండి, గుళ్ళు మధ్యాహ్నం కొంతసేపు మూస్తారు. తీపి ఏదైనా సంచిలో కాకుండా జేబులో పెట్టుకోండి. పావన నరసింహుడికి జీపులో వెళ్ళొచ్చు, అడవి దారిలో కుదుపులు బాగా ఉంటాయి కాబట్టి నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోండి. కారంజ, ఛత్రవట, యోగానంద క్షేత్రాలకు పెద్దగా ఎక్కే పని లేదు, నాన్న రెండో రోజు ఆ మూడూ హాయిగా చూశారు.