విరామ జీవితానికి తోడైన 8×42 బైనాక్యులర్

పదవీ విరమణ తరువాత తొలి నెలల్లో నాకు కష్టంగా గడిచినవి ఉదయాలే. 34 ఏళ్లపాటు గడియారం చూసుకుంటూ బయలుదేరిన మనిషికి, ఎక్కడికీ వెళ్లనవసరం లేని పూట ఎంతకీ తెమలదు. ప్రయాణాలు చేస్తే ఆ వెలితి తీరుతుందనుకున్నాను గానీ, ఇల్లు చేరిన మర్నాడు మళ్లీ అదే పరిస్థితి. పక్షులను గమనించడం నేర్చుకుందామని రెండేళ్ల క్రితం కొన్న 8×42 బైనాక్యులర్ నా ఉదయాలకూ ప్రయాణాలకూ ఒక పని కల్పించింది.

నిజానికి మొదట కొన్నది 10×50. పక్షి ఎంత పెద్దగా కనిపిస్తే అంత మేలనుకోవడం పొరపాటు. పది రెట్లు పెంచి చూపే పరికరం చేతి వణుకును కూడా పది రెట్లు చేస్తుంది, పైగా దాని బరువుకు అరగంటలో భుజాలు లాగేవి. 8×42 అంటే దృశ్యం ఎనిమిది రెట్లు పెరుగుతుందని, ముందు కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు కంటిని చేరే కాంతిపుంజం వెడల్పు. వయసు మీద పడ్డాక కనుపాప మసక వెలుతురులోనూ మునుపటిలా విచ్చుకుని అంతకన్నా వెడల్పైన పుంజాన్ని లోనికి తీసుకోలేదు కనుక, ఇంతకన్నా పెద్ద కటకాలను మోసినా మనకు ఒరిగేది తక్కువ.

కళ్లజోడు ఉన్నవారు ముఖ్యంగా చూసుకోవలసినది ఐ రిలీఫ్, అంటే కంటి వైపు కటకానికి కన్ను ఎంత దూరంలో ఉన్నా దృశ్యం అంచులు తెగకుండా కనిపిస్తుందో తెలిపే కొలత. అది 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నా దానిలో 17 ఉంది, కన్ను ఆనించే రబ్బరు అంచులను (ఐకప్పులను) లోపలికి తిప్పుకుంటే కళ్లజోడు తీయనక్కరలేదు. శుక్లాల ఆపరేషన్ తరువాత నా రెండు కళ్ల చూపులో తేడా వచ్చింది. ఎడమ కంటితో చూస్తూ దృశ్యం స్పష్టమయ్యేలా నడిమి చక్రాన్ని సరిచేసుకుని, ఆపై కుడి కంటి దగ్గరున్న, ఆ ఒక్క కంటికే స్పష్టతను సరిచేసే డయాప్టర్ రింగును కొద్దిగా తిప్పగానే ఆ తేడా పోయింది.

ఒక తెల్లవారుజామున చెరువు గట్టున కూర్చున్నప్పుడు, నీటిపైకి వంగిన కొమ్మ మీద లకుముకి పిట్ట కనిపించింది. ముక్కు పైభాగం నల్లగా, కిందిభాగం ఎర్రగా ఉండటం స్పష్టంగా చూసి, అది ఆడపిట్ట అని నాకు నేనుగా గుర్తించగలిగాను. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. అప్పటి నుంచి రోజుకొక ఊరు చుట్టి రావడం మానేసి, ఒకే నీటి ఒడ్డున మూడు రోజులు ఉండేలా ప్రయాణం వేసుకుంటున్నాను, సాయంత్రాలు చూసినవాటిని నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను.

లోపాలు లేకపోలేదు. దీనితో వచ్చిన పట్టీ సన్నగా ఉండి మెడను కోసేస్తుంది, బరువు రెండు భుజాలకూ పంచే హార్నెస్ విడిగా కొనక తప్పలేదు. ముందు కటకాల మూతలు వదులుగా ఉండటంతో రెండో ప్రయాణంలోనే ఒకటి పోయింది. అయితే లోపల నత్రజని నింపి మూసినది కావడంతో, చలిలోంచి వెచ్చని గదిలోకి వచ్చినా లోపలి అద్దాలకు ఆవిరి పట్టలేదు. కొనదలచినవారు దుకాణంలోనే, కళ్లజోడు పెట్టుకుని, పది నిమిషాలు ఆగకుండా పట్టుకుని చూడండి. చేతులు అలసిపోతే మరింత తేలికైన 8×32 అడగండి.