బత్తాయి ఆకులకు వైరస్ టెస్ట్ చేయించిన, 4 స్టార్లు ఎందుకిచ్చిన్నంటే

మాది జనగామ దిక్కు బత్తాయి తోట. కొన్ని చెట్లు పసుపు పట్టి కొమ్మలు కొసల నుంచి ఎండుకుంట వస్తున్నయ్. మందుల షాపుల ఒకాయన జింకు కొట్టుమన్నడు, ఇంకొకాయన వేరుకుళ్లు అన్నడు, పక్క చేను అన్న అయితే వైరస్సే పీకేయమన్నడు, ఇగ ఇట్ల కాదని హన్మకొండల మొక్కల రోగాలు టెస్ట్ చేసే ఈ సెంటర్‌కు ఆకులు తీస్కపోయి ఇచ్చిన.

నాకు బాగా నచ్చింది కౌంటర్ కాడి మేడమ్. ఆకును ట్యూబ్‌లైట్‌కు అడ్డం పెట్టి చూపించింది, నడిమి ఈనెకు రెండు దిక్కుల ఒకే తీరు పసుపు ఉంటే జింకు లోపం అనుకోవచ్చంట, అటొక తీరు ఇటొక తీరు మచ్చలు మచ్చలుగ ఉంటే గ్రీనింగ్ అనే రోగమని అనుమానపడాలంట. పక్కన నిమ్మ చెట్టు ఉంటే దాని లేత ఆకులు గూడ తెమ్మన్నది, ఎందుకంటే ట్రిస్టెజా వైరస్ బత్తాయిల కన్నా నిమ్మల తొందరగ బయటపడతదట. నిజంగనే మా నిమ్మాకును వెలుతురుకు పెడితే సన్న ఈనెలు తెగి తెగి తెల్లగ మెరిసినయ్. కొమ్మ బెరడు వలిచి చూస్తే లోపలి కట్టె మీద సన్నసన్న గుంటలు ఉన్నయ్. కంటితో చూసి ఖాయం చేయొద్దు, టెస్ట్ రావాలె అని మాత్రం గట్టిగ చెప్పింది.

శాంపిల్ గురించి ఒకటి గుర్తుపెట్టుకోండ్రి. ఒక్క కొమ్మ ఆకులిస్తే సరిపోదు, రోగం చెట్టంత ఒక్క తీరుగ ఉండదు కాబట్టి నాలుగు దిక్కుల నుంచి తెంపాలె, కడగకుండ కాగితంల చుట్టి కవర్ల వేసి ఐస్ డబ్బాల తేవాలె. ట్రిస్టెజా ఆర్ఎన్ఏ వైరస్, ఎండల పెడితే ఆర్ఎన్ఏ ఖరాబైతది, ఆర్ఎన్ఏను డీఎన్ఏగ మార్చి వెతికే ఆర్‌టీ పీసీఆర్ టెస్ట్‌ల రోగం ఉన్నా దొరకకపోవచ్చు. గ్రీనింగ్ అసలు వైరసే కాదు, బ్యాక్టీరియా, దానికి నేరుగ డీఎన్ఏను వెతికే మామూలు పీసీఆర్ చాలు. అందుకే రెండు టెస్టులకు వేరేవేరే పైసలు.

మా రిపోర్ట్‌ల కొన్ని చెట్లకు గ్రీనింగ్, కొన్నిటికి ట్రిస్టెజా, ఇంకొన్నిటికి ఏ రోగం లేదు. టెస్ట్ చేయించకపోతే ఆ రోగం లేనివాటిని గూడ పీకేసేటోళ్లం!

ఒక స్టార్ ఎందుకు తగ్గించిన్నంటే రిపోర్ట్ అంత ఇంగ్లీషే, సీటీ వాల్యూ అని అంకెలు వేసి ఊకున్నరు. ఫోన్ చేస్తే మేడమ్ మంచిగనే చెప్పింది, ఆ అంకె తక్కువుంటే చెట్టుల రోగం ఎక్కువున్నట్టు అని. గదే రెండు లైన్లు తెలుగుల రాసిస్తే రైతుకు ఎంత బాగుంటది.

ఈ రెండిటికీ చెట్టును నయం చేసే మందు లేదు. ట్రిస్టెజా పేనుబంకతోని పాకుతది, గ్రీనింగ్ సిల్లిడ్ పురుగుతోని, రెండూ అంటు కట్టే కన్నుతోని గూడ వస్తయ్. నర్సరీల తల్లి చెట్టు ఆకులు గూడ ఇక్కడ టెస్ట్‌కు తీస్కుంటరట, కొత్త మొక్కలు కొనేముందు ఆ రిపోర్ట్ అడుగుతున్న, చూపెట్టనోళ్ల కాడ కొనను.