సామర్లకోట నుంచి శిబ్‌పూర్ దాకా: రాక్స్‌బర్గ్ వెంట

సామర్లకోట స్టేషన్లో ఎన్నిసార్లు రైలు మారానో లెక్కలేదు. స్కాట్లండ్ నుంచి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఆ ఊళ్లో పదేళ్లకు పైగా ఉండి మిరియాలు, నీలిమందు మొక్కలు పెంచాడని తెలిశాక ఓసారి పనిగట్టుకుని దిగాను. తోట జాడ నాకేమీ దొరకలేదు. ఎవర్నడిగినా భీమేశ్వరాలయానికే దారి చూపించారు. గుడి తప్పక చూడాల్సిందే, తోట కోసమైతే దిగనక్కర్లేదు.

ఆయన తర్వాత పనిచేసిన శిబ్‌పూర్ బొటానిక్ గార్డెన్ చూద్దామని అక్కడి నుంచి హౌరా వెళ్లాను. స్టేషన్ పక్కన దిగిన లాజ్‌లో రాత్రంతా హారన్ల మోతే, వేడినీళ్లు రెండుసార్లు అడిగితే గానీ రాలేదు. మళ్లీ వెళ్తే శిబ్‌పూర్ వైపే గది చూసుకుంటాను. బస్సులో 'బి గార్డెన్' అంటే చాలు, కండక్టర్ టికెట్ కొట్టేస్తాడు. సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

1787లో మొదలైన ఈ తోటకు రాక్స్‌బర్గ్ 1793లో సూపరింటెండెంట్‌గా వచ్చి ఇరవై ఏళ్లు పనిచేశాడు. తోట వంద హెక్టార్లు దాటుతుంది. బ్యాటరీ బండి కోసం అరగంట చూసి నడక మొదలుపెట్టాను, అదే మంచిదైంది. నీళ్ల బాటిల్ మాత్రం వెంట ఉండాలి.

అందరూ వచ్చేది మర్రి కోసమే. బూజు తెగులు సోకిన అసలు మాను 1925లో తీసేశారు. చెట్టు ఇప్పటికీ వేల ఊడల మీద నిలబడి విస్తరిస్తోంది. కొత్త ఊడ ఒకటి నా తల ఎత్తులో వేలాడుతోంది, కొస లేత గోధుమరంగులో, తడిగా, పసిపిల్లల వేలంత మెత్తగా ఉంది.

నది పక్కన రాక్స్‌బర్గ్ ఉన్న ఇంటిని బయటి నుంచే చూశాను. అక్కడ కూర్చుని ఫోన్‌లో ఆయన 'కోరమాండల్ తీరపు మొక్కలు' తెరిచాను. 1795 నుంచి మూడు సంపుటాలు, 300 బొమ్మలు, గీసింది ఇక్కడి చిత్రకారులే. మొక్కల వివరాల్లో 'తెలింగల పేరు' అంటూ మన మాటలు రాశాడు. మోదుగ ఉంది, సోమిద ఉంది. జ్వరానికి దాని బెరడు వాడతారని ఆయన పట్టించుకున్న ఆ సోమిదే తర్వాత 'సోయ్‌మిడా' అనే శాస్త్రీయ నామమైంది. మా తాతగారు సోమి చెట్టు అనేవారు. కళ్లు చెమర్చాయి.

సామర్లకోట రోజుల్లో, 1787 ఉప్పెనలో పుస్తకాలూ, ఎండబెట్టి దాచిన మొక్కలూ పోగొట్టుకున్నాక మళ్లీ మొదటి నుంచి కూడబెట్టిన మనిషి ఆయన. 1813లో ఆరోగ్యం పాడై వెళ్లిపోయి, రెండేళ్లకే ఎడిన్‌బరోలో కన్నుమూశాడు.

నేను ఒక్క పూటే పెట్టుకున్నాను, తాటిజాతి చెట్ల వైపు వెళ్లనేలేదు. మీరు వెళ్తే రోజంతా ఉంచుకోండి.