ఆఫీస్ ఫోన్ సిస్టమ్ పెట్టిస్తున్నారా? 108 సంగతి ముందు చూసుకోండి

చీమకుర్తిలో మా గ్రానైట్ ఫ్యాక్టరీకీ, ఒంగోలు ఆఫీసుకీ కలిపి ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లన్నిటినీ ఒక సర్వర్ మీద కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టించి కొన్నేళ్లయింది. ఐవీఆర్ (‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే రికార్డు గొంతు), కాల్ రికార్డింగ్ లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

నాకు బాగా నచ్చింది అవుట్‌బౌండ్ రూట్లు, అంటే ఏ నంబరు కొడితే కాల్ బయటికి ఎలా పోవాలో ముందే రాసిపెట్టే నియమాలు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి కదా. మావాళ్లు మర్చిపోయి ‘కలవట్లేదు సార్’ అనడం రోజూ ఉండేది. 6 నుంచి 9 వరకు ఏ అంకెతోనైనా మొదలయ్యే పదంకెల నంబరు ఏది కొట్టినా ముందు సున్నా తగిలేలా ఒక్క ప్యాటర్న్ రాయించాం. ఆ గోల పోయింది. మిస్డ్ కాల్ చూసి అక్కడే నొక్కినా కలుస్తుంది.

ఒక రాత్రి యార్డులో స్లాబు జారి కుర్రాడి కాలు నలిగింది. గేటు దగ్గర సెల్ సిగ్నల్ సరిగా ఉండదు. వాచ్‌మన్ అక్కడి ఫోన్లో 108 కొట్టాడు. రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ మళ్లీ కొట్టాడు. ఆ రింగు తాళం వేసిన అకౌంట్స్ గదిలో మోగుతోంది! ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లకిచ్చే చిన్న నంబర్లు) 101 నుంచి వరసగా ఇచ్చేశారు, అకౌంట్స్‌కి 108 వచ్చింది. ఆ నంబరుతో ఎక్స్‌టెన్షన్ ఉంటే సిస్టమ్ ముందు దాన్నే మోగిస్తుంది, బయటి రూట్ల దాకా పోదు. చివరికి క్రేన్ ఆపరేటర్ రోడ్డు మీదకి పరుగెత్తి సెల్‌లో అంబులెన్స్‌ని పిలిచాడు. కుర్రాడు కోలుకున్నాడు గానీ, ఆ ఆలస్యం తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఫోన్లు బిగించడమే పనిగా ఉన్నవాళ్లకి ఈ మాత్రం తెలియదా?

ఇప్పుడు ఎక్స్‌టెన్షన్లన్నీ 201 నుంచి మార్పించాం. 100, 101, 108, 112కి రూట్లన్నిటికంటే పైన ఎమర్జెన్సీ రూట్ పెట్టించాం. కంగారులో అలవాటుగా సున్నా కొట్టినా పోయేలా 0108 కూడా అందులో చేర్చాం.

కాబట్టి రూట్లు బాగున్నాయన్న నా మాట, నంబర్లు ఆలోచించి ఇచ్చినప్పుడే చెల్లుతుంది. మాకు రెండుచోట్ల ఆఫీసులు, పిలిస్తే ఒంగోలు నుంచి వచ్చే టెక్నీషియన్ ఉన్నారు కాబట్టి సరిపోయింది. నాలుగు ఫోన్లున్న షాపుకి ఇంత సెటప్ అక్కర్లేదేమో. కరెంటు, యూపీఎస్ రెండూ పోతే సర్వర్ కూడా ఆగుతుంది కనుక, గేటు దగ్గర మాత్రం సిస్టమ్‌తో సంబంధం లేని మామూలు ల్యాండ్‌లైన్ ఒకటి విడిగా పెట్టించాం.