నాలుగేళ్లు సోషల్ మీడియా ఫొటో లింకులతో చీరల జాబితా నడిపాక

మంగళగిరి చీరలు మగ్గాల దగ్గర తీసుకుని తెలిసినవాళ్లకు పంపే చిన్న వ్యాపారం మాది. మా జాబితా అంతా ఒక గూగుల్ షీట్. చీర నంబరు, రంగు, అంచు, ధర, పక్క గడిలో ఫొటో. ఆ ఫొటోలను నేను షీట్‌లో పెట్టేదాన్ని కాదు. సోషల్ మీడియాలో మా పేజీకి ఎక్కించి, ఫొటో మీద రైట్ క్లిక్ కొట్టి, ఇమేజ్ అడ్రస్ కాపీ చేసి, ఆ లింకును ఇమేజ్ ఫార్ములాలో (లింకు ఇస్తే గడిలో ఫొటో చూపించే సూత్రం) అతికించేదాన్ని.

ఇలా మొదలుపెట్టడానికి కారణం ఉంది. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకునే సదుపాయం పోయింది. మెయిల్‌తో సహా అన్నిటికీ కలిపి 15 జీబీయే. పేజీకి ఎలాగూ ఎక్కిస్తున్నాం కదా, అదే ఫొటోను ఇక్కడా చూపిస్తే చోటు కలిసొస్తుంది అనుకున్నాను. మొదట్లో నిజంగానే హాయిగా ఉండేది. ఒక్కసారి ఎక్కిస్తే రెండుచోట్లా పని అయిపోయేది. ఫొటోలు కూడా చకచకా తెరుచుకునేవి.

దసరా ముందు డాలస్ నుంచి ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. "అక్కా, కింద గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆ చీరలు అయిపోయాయా?" నా లాప్‌టాప్‌లో షీట్ ముందునుంచీ తెరిచి ఉంది కాబట్టి అన్నీ కనిపిస్తున్నాయి. మూసి తెరిస్తే నాకూ ఖాళీయే. పండగ బేరం నడిచే వారంలో ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. రెండు రాత్రులు కూర్చుని లింకులన్నీ మళ్లీ కాపీ చేశాను. కొన్ని వారాలకు మళ్లీ అదే పరిస్థితి.

అప్పుడు కానీ ఆ పొడుగాటి లింకును సరిగ్గా చూడలేదు. ప్రశ్నార్థకం గుర్తు తర్వాత ఉండే అక్షరాల గుంపులోనే ఉంది అసలు సంగతి. ఈ లింకు ఎప్పటిదాకా చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. ఆ గడువును మనం మార్చకుండా పక్కనే ఒక డిజిటల్ సంతకం ఉంటుంది. గడువు దాటితే సర్వర్ 403 (అనుమతి లేదు) అని చెప్పి ఫొటో ఇవ్వదు. డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ 2023 చివర్లో ప్రకటించిన పద్ధతి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ లింకు చివర ఈఎక్స్, ఐఎస్, హెచ్‌ఎమ్ అని మూడు ముక్కలుంటాయి: గడువు, లింకు ఇచ్చిన సమయం, సంతకం. సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కకట్టి, హెక్సాడెసిమల్‌లో, అంటే అంకెలతోపాటు ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ వాడే పద్ధతిలో రాస్తారు. అందుకే చూస్తే తేదీలా అనిపించదు. యాప్ లోపల ఉన్నవాళ్లకు లింకు దానంతట అదే కొత్తదవుతుంది, బయట అతికించినదానికి 24 గంటలే ఆయుష్షు.

సైట్ల వైపు న్యాయం లేదని నేను అనను. డిస్కార్డ్ ఆ మార్పు చేసింది వైరస్ ఫైళ్లు పంచేవాళ్లను ఆపడానికి. పైగా మన షీట్ తెరిచిన ప్రతిసారీ డేటా ఖర్చు వాళ్లదే. 2017లో ఫొటోలు దాచుకునే ఫొటోబకెట్ అనే సైట్ ఇలా బయట చూపించుకోవడానికి ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టమంది. ఈబేలో, అమెజాన్‌లో సరుకు పెట్టుకున్న ఎంతోమంది ఫొటోలు ఒక్కసారిగా పోయాయి. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే ఆ దారిలో అసలు వెళ్లేదాన్నే కాదు.

ఇంకో రెండు ఇబ్బందులు. ఎక్కించగానే ఫొటో కుదించుకుపోతుంది. నిజాం అంచులో జరీ గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ముదురు ఆకుపచ్చ నల్లగా కనిపించి, ఒక చీర వెనక్కి వచ్చింది. రెండోది నన్ను బాగా భయపెట్టింది. ఒక నేతన్న ఇంట్లో తీసిన ఫొటోను స్నేహితులకు మాత్రమే కనిపించేలా పెట్టాను. దాని ఇమేజ్ లింకును లాగిన్ లేని వేరే ఫోన్‌లో తెరిస్తే మామూలుగా తెరుచుకుంది! గడువు ఉన్నన్నాళ్లూ ఆ లింకు ఎవరి చేతికి వస్తే వాళ్లు చూడొచ్చన్నమాట. అందులో వాళ్ల పిల్లలు కూడా ఉన్నారు. వెంటనే తీసేశాను.

మార్కులు వేయమంటే, ఈరోజు చూపించి రేపు మర్చిపోయే ఫొటోకు ఐదుకు నాలుగు. నెలల తరబడి ఉండాల్సిన జాబితాకు సున్నా. ఇప్పుడు నేను ఫొటోకు చీర నంబరే పేరుగా పెట్టి ముందు హార్డ్ డిస్క్‌లో దాస్తున్నాను. తర్వాత చిన్న సైజు కాపీని ఇన్‌సర్ట్‌లోకి వెళ్లి గడిలోనే పెడుతున్నాను. లింకుతో పనే లేదు. షీట్ కాస్త నెమ్మదిగా తెరుచుకుంటుంది, ఫర్వాలేదు.

పాతవాటిలో 37 చీరలకు మాత్రం నా దగ్గర అసలు ఫొటో లేదు. ఫోన్ నిండిపోయిందని అప్పట్లో చెరిపేశాను, పేజీలోవి పాత పోస్టులతోపాటు పోయాయి. వాటిలో కొన్ని అంచులు నేసిన పెద్దాయన ఇప్పుడు మగ్గం ఎక్కట్లేదు. ఆ చీరలు కొన్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పగటి వెలుగులో అంచు పరిచి ఒక ఫొటో తీసి పంపమని అడుగుతున్నాను. ఇప్పటికి 11 వచ్చాయి.