కుక్కతో విశాఖకి: కూపే తలుపు గురించి నాలుగు మాటలు

రైలు ఫస్ట్ ఏసీలో పరుపు ఎంత మెత్తన, భోజనం ఎలా ఉంటుంది అని రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు అవేవీ పట్టవు. నేను డబ్బు పెట్టేది తలుపుకి. లోపల గడియ పెట్టుకునే తలుపుకి. మా రాగి 22 కిలోల నాటు కుక్క. సికింద్రాబాద్ నుంచి విశాఖకి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మాతోపాటు రావడం మొదలుపెట్టి ఏళ్లయింది. ఇప్పటికీ ఆ రెండు బెర్తుల కూపేలోకి దూరి తలుపు లాగితే గానీ మా ఆయన ముఖంలో బిగువు సడలదు.

కారులో పోవచ్చు కదా అంటారు. రాగి సూర్యాపేట దాటకముందే కక్కేస్తుంది. విజయవాడ తర్వాత కూడా ఇంకో సగం రోజు ప్రయాణం ఉంటుంది. కుక్కను క్యాబిన్‌లో పక్కన పెట్టుకోనిచ్చే విమానాలు ఒకటీ అరా ఉన్నాయి గానీ, బుట్టతో కలిపి పది కిలోలు దాటకూడదు. స్లీపర్ బస్సుల సంగతి ఎత్తనే వద్దు.

పోయిన దీపావళి సంగతి చెప్పాలి. ఏటా ఆ రాత్రి రాగిని బాత్రూంలో పెట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, బకెట్‌లోకి నీళ్లు వదిలి, దాని పక్కనే చాప వేసుకుని కూర్చునేదాన్ని. డాక్టరు ఇచ్చిన మాత్ర వేసినా వణుకు తగ్గేది కాదు. ఈసారి పండగ రోజు సాయంత్రమే బండెక్కుదామని మా ఆయన అన్నారు. ఊళ్లకి పోయేవాళ్లు ముందే పోయుంటారు, కూపే దొరికే అవకాశం ఎక్కువని ఆయన లెక్క. నాకైతే నమ్మకం లేదు. దారిపొడుగునా ఊళ్లే కదా, ప్రతి ఊళ్లోనూ టపాకాయలే కదా!

ఎవరికి ఏ బెర్తో చెప్పే చార్టు వచ్చింది, కూపే మాదే అయింది. బండి భువనగిరి దాటేసరికి చీకటి పడి మొదలైంది మోత. రాగి కింది బెర్తు కిందకి దూరి మూలకి నక్కింది. కాజీపేట, వరంగల్ స్టేషన్లలో ఆగినప్పుడు అద్దం అవతల ఆకాశమంతా వెలుగులు. వరంగల్లో ఎవరో పదివేల వాలా అంటించినట్టున్నారు, ఆగకుండా పేలుతూనే ఉంది. నేను తెర లాగేసి, రాగి దగ్గరే నేల మీద కూర్చున్నాను. కాసేపటికి తెలిసింది ఏమిటంటే, లోపలికి వస్తున్నది వెలుగే గానీ చప్పుడు కాదు. తెరవడానికి వీల్లేని రెండు పొరల అద్దం, మూసిన తలుపు, ఏసీ హోరు, దాని మీద చక్రాల దడదడ. మా బాత్రూంలో ఇన్నేళ్లుగా బకెట్‌తో చెయ్యబోయిన పని ఆ రైలు పెట్టె దానంతటదే చేసేసింది.

మహబూబాబాద్ దాటాక చేలు, చీకటి. రాగి బయటికి వచ్చి నా కాళ్ల మీద తల పెట్టింది. టీసీ గారు తలుపు తట్టి, కుక్క టికెట్ చూసి, "మా ఇంట్లోదీ ఇంతేనమ్మా, ఈ రాత్రికి మంచం కింద నుంచి రాదు" అని వెళ్లిపోయారు. ఖమ్మం వచ్చేసరికి అది పెరుగన్నం తింటోంది. దీపావళి రాత్రి మా కుక్క అన్నం తినడం అదే మొదటిసారి.

ఇంత మెచ్చుకున్నాక కొంచెం తగ్గించి కూడా చెప్పాలి. కూపే మీదే అని టికెట్ కొన్నప్పుడు తెలియదు. కన్ఫర్మ్ అని మాత్రమే వస్తుంది, బెర్తు నంబరు చార్టులోనే. రెండు టికెట్లూ ఒకే పీఎన్నార్ (బుకింగ్ నంబరు) మీద తీసుకుని, కూపే కావాలని అర్జీ పెట్టుకున్నా పూచీ లేదు. నాలుగు బెర్తుల క్యాబిన్ వచ్చి, తోటివాళ్లు వద్దంటే కుక్క వెళ్లాల్సింది గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్‌లోని కుక్కల పెట్టెలోకే. రాగిని అందులో పెట్టేది లేదు, కాబట్టి ప్రతిసారీ కారు సిద్ధంగా ఉంచుకునే బయల్దేరతాం. చార్టు 4 గంటల ముందు మాత్రమే వచ్చిన రోజుల్లో ఇది నరకంగా ఉండేది. ఎందుకంటే కుక్క టికెట్ కోసం పార్శిల్ ఆఫీసుకి మూడు గంటల ముందే వెళ్లాలి. 2025 జులై నుంచి చార్టు ఇంకా ముందే వేయడం మొదలుపెట్టాక కాస్త తీరిక దొరికింది. పొద్దున్నే తెలిసిపోతుంది, కూపేనా కారా అని.

పార్శిల్ ఆఫీసులో పశువుల డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, టీకాల కార్డు అడుగుతారు. సర్టిఫికెట్ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల లోపుది అయ్యుండాలి. కూపేలో తీసుకెళ్లే కుక్క బరువెంతైనా లగేజీ 60 కిలోల లెక్కన కట్టించుకుంటారు, బ్రేక్‌వ్యాన్‌కైతే 30. మా టికెట్లే ఐదు వేలు దాటుతాయి, ఆ పైన ఇది పెద్ద భారం కాదు. అసలు చిక్కు ఒంటేలు. రాగి బండిలో పొయ్యదు. విజయవాడలో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తాలి, అది వాసన చూసి ఒప్పుకునేలోపు సిగ్నల్ పడుతుందేమోనని నా గుండె దడ. దీపావళి రాత్రి కూడా దిగనంది, విశాఖ దాకా బిగపట్టుకుంది పాపం.

బస విషయానికొస్తే నా కడుపుమంట అక్కడే. విశాఖలో మా అమ్మమ్మకి మడి, కుక్క గడప దాటడానికి వీల్లేదు. అందుకని బయటే ఉంటాం. బీచ్ దగ్గర ఒక హోటల్, పేరు వద్దులెండి, యాప్‌లో "పెట్ ఫ్రెండ్లీ" అని రాసుకుంది. తెల్లారి వెళ్తే, చిన్న కుక్క అనుకున్నాం మేడమ్ అన్నారు. లిఫ్టు ఎక్కించకూడదట. నాలుగో అంతస్తుకి మెట్ల మీద నడిచాం. ఖాళీ చేసేటప్పుడు శుభ్రం చేసినందుకని ముందు చెప్పని డబ్బు అడిగారు. అప్పట్నుంచి యాప్‌ను నమ్మడం మానేశాను. ఫోన్ చేసి, కుక్క ఫొటో, బరువు వాట్సాప్‌లో పంపి, లిఫ్టు, అదనపు డబ్బుల సంగతి అడిగి, జవాబు రాతలో తీసుకుంటాను. ఇప్పుడు దిగేది ఎంవీపీ కాలనీలో ఒకరి మేడ మీద గదుల్లో. ఇంటావిడకి రెండు కుక్కలు, మాకంటే ముందు రాగినే పలకరిస్తుంది.

మిమ్మల్ని వెళ్లమంటానా? మేం ఇద్దరం, కుక్క ఒకటి, అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద పరుగెత్తే ఓపిక ఇంకా ఉంది, కూపే రాకపోతే కారు ఉంది. ఒక్కరే వెళ్లేవాళ్లకి, రెండు కుక్కలున్నవాళ్లకి, పండగ ముందు రోజే చేరి తీరాల్సినవాళ్లకి నేను చెప్పలేను. కారులో హాయిగా పడుకునే కుక్కయితే ఈ తంటా ఎందుకు, కారే మేలు. మేము మాత్రం వచ్చే దీపావళికి 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన పొద్దునే టికెట్లు తీస్తాం.